గుర్రాలకు మార్కులు

కారేపల్లి స్టేషన్ దగ్గర ఇప్పటికీ కొందరు నన్ను ‘గుర్రాలకు మార్కులేసిన సారు’ అంటారని విన్నాను. గౌరవంగా అనే మాట కాదది. ఆ ఎండాకాలం వాళ్లు నన్ను చాలా అన్నారు. వాటిలో మిగిలింది ఇదొక్కటే కాబట్టి నాకు ఫిర్యాదు లేదు.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఇల్లందు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, కాపురం కారేపల్లిలో. నా భార్య ప్రమీలారాణి పోయి అప్పటికి పది నెలలు. ఇంట్లో నేనూ మా అత్తగారు సుశీలమ్మగారూ మిగిలాం. ఆవిడ నా దగ్గర ఉండిపోయింది నా మీద అభిమానంతో కాదు, కూతురి బీరువా తాళం నా చేతిలో పెట్టి వెళ్లడానికి మనసొప్పక. మధిర వైపు మనిషి, మాట మెత్తగా ఉండేది, అర్థం గుచ్చుకునేది. ‘అన్నం తిన్నావా నాయనా’ అని ఆవిడ అడిగితే, ఎలా తినగలుగుతున్నావని అడిగినట్లు వినిపించేది నాకు.

పెరట్లో రేకుల కొట్టం ఆజంకు కిరాయికి ఇచ్చాం. ఆజం జట్కా తోలేవాడు, పాతికేళ్లవాడు. కొట్టంలో అతనూ, వాళ్లమ్మ ఇమాంబీ, నూరీ అనే ఆడగుర్రం ఉండేవాళ్లు. ఇమాంబీ తెల్లవారే లేచి తన వాకిలి ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ మా వైపు కూడా ఊడ్చేసేది. ప్రమీల పోయిన మర్నాడు మొదలైంది అది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

సెలవులిచ్చిన వారం, ఒక ఆదివారం పొద్దున్నే, ఆజం నన్ను చెయ్యిపట్టుకున్నంత పనిచేసి ఇల్లందు రోడ్డు మీదికి తీసుకుపోయాడు. జట్కావాళ్లు పందేలు పెట్టుకున్నారు. పొద్దుటి ప్యాసింజరు పోయాక మధ్యాహ్నం దాకా రైలు లేదు, పెళ్లిళ్లూ అయిపోయాయి, గుర్రాలు ఖాళీ. సాబిర్ సైకిల్ షాపు ముందు నుంచి బయలుదేరి, అడవి మొదలయ్యే చోట ఉన్న కిలోమీటరు రాయి దాకా పోయి రావాలి. రాయి దగ్గర నిలబడ్డ మనిషి చేతిలోంచి ఎర్రగుడ్డ పీలిక అందుకొని రావాలి. పీలిక లేకపోతే పోయినట్టే కాదు. పోను రాను మూడు కిలోమీటర్లు. రోడ్డు ఇరుకు, బస్సులు తిరుగుతాయి, అందుకని ఒక్కో బండీ విడిగా పోతుంది. షాపు దాటిన రెండు ఫర్లాంగుల్లోనే రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ తర్వాత బండి కనిపించదు. మళ్లీ డెక్కల చప్పుడు వినిపించేదాకా అందరూ ఒకరి మొహాలొకరు చూసుకోవడమే.

వాళ్ల తగవంతా టైము దగ్గర. ఎవరి చేతి గడియారం వాళ్లకు గెలుపు చూపిస్తోంది. కాలేజీ ఆటల పోటీలకు టైము చూసేది నేనే కాబట్టి స్టాప్‌వాచీ నా దగ్గర ఉంది. అలా ఇరుక్కున్నాను.

నిజం చెప్పాలంటే ఇరుక్కోలేదు, సంతోషంగా దిగాను. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నా గదిలోని కుర్రాడొకడు మలక్‌పేట రేసుల పిచ్చివాడు. వాడు నేర్పిన విద్య ఒకటి నా బుర్రలో మిగిలిపోయింది. గుర్రం ఎంతసేపట్లో వచ్చిందో తెలిస్తే ఏమీ తెలిసినట్టు కాదు. ఆ రోజు నేల ఎలా ఉంది, బండిలో బరువెంత, ఇవి తీసేస్తేగాని గుర్రం తేలదు. వాన పడిన మర్నాడు అన్ని గుర్రాలూ తలా పది సెకండ్లు ఆలస్యమైతే తప్పు గుర్రాలది కాదు, రోడ్డుది. ఆ పది అందరికీ తిరిగి ఇచ్చెయ్యాలి. అప్పుడు మిగిలేదే గుర్రం అసలు వేగం. ఎనిమిది నిమిషాల్లో వచ్చే గుర్రానికి వంద మార్కులు పెట్టుకున్నాను. పైన పడ్డ ప్రతి సెకండుకూ ఒక మార్కు కోత.

ఎనిమిది గుర్రాలు, ఎనిమిది వరుసలు. ఇంటికొచ్చి కాగితం మీద ఆ అంకెలు దిద్దుకుంటుంటే మధ్యాహ్నాలు గడిచేవి. పది నెలల్లో మొదటిసారి మధ్యాహ్నం గడిచినట్టు నాకు తెలియలేదు.

మూడో ఆదివారానికి నా మార్కులు సాబిర్ షాపు ముందు పలక మీదికి ఎక్కాయి. అప్పటిదాకా వాళ్లు పందెం కట్టేది సుళ్లు చూసి. నుదుటి మీద సుడి ఉంటే ఒక రేటు, మెడ కింద ఉంటే ఒక రేటు. కాలి తెలుపు చూసేవాళ్లూ, చెవులు చూసేవాళ్లూ. మార్కులు చూసి కట్టినవాళ్లు వరసగా రెండు ఆదివారాలు గెలిచేసరికి సుళ్లవాళ్లకు నా మీద కోపం వచ్చింది. గెలిచినవాళ్లు నన్ను మెచ్చుకోనూ లేదు. వాళ్లకు నేను చాలా ఆలస్యంగా దొరికానని కోపం.

పలక మీద మొదటి పేరు తుఫాన్, ఎనభై ఎనిమిది. అది మా బావగారు పిచ్చయ్య గుర్రం. ప్రమీలకు సొంత అన్న. మిర్చి కమీషన్ వ్యాపారం, జీపు, మాటకారితనం అన్నీ ఉన్న మనిషి. జట్కా తోలాల్సిన అవసరం ఆయనకు లేదు. పందేల కోసమే ఆ గుర్రాన్ని కొని, టేకులపల్లి దగ్గరి తండా నుంచి పూల్‌సింగ్ అనే మనిషిని జీతానికి పెట్టుకున్నాడు. నూరీ చివరి నుంచి మూడోది. ఎనభై. ప్రతి ఆదివారం, వాన పడ్డా ఎండ కాసినా, సవరించి చూస్తే అదే ఎనభై. అంత నిలకడగా నడిచే గుర్రం ఇంకొకటి లేదని నేను మురిసిపోయాను కూడా.

అంకె పలక మీద ఉంటే పందెం దగ్గరే ఆగదని నాకు తట్టలేదు. రైలు దిగినవాళ్లు జట్కా ఎక్కే ముందు మార్కులెన్నని అడగడం మొదలుపెట్టారు. మొదట హాస్యానికి అడిగారు, తర్వాత నిజంగానే అడిగారు. ఇల్లందు పోయే బట్టల వ్యాపారి ఒకాయన మూడేళ్లుగా ఆజం బండే ఎక్కేవాడు, ఒకరోజు ఎనభై ఐదు మార్కుల బండి ఎక్కి పోయాడు. ఆ సాయంత్రం ఆజం కొట్టం ముందు నిలబడి నాతో నెమ్మదిగానే మాట్లాడాడు.

“సార్, మీరు పిలగాండ్లకు తక్కువ మార్కులేస్తె మళ్ళ సాలుకు పరీక్ష రాసుకుంటరు. గుర్రానికి మళ్ళ సాలు ఉంటదా?”

పలక తుడిపించేస్తానన్నాను. తుడిపిస్తే ఏమొస్తుందని అడిగాడు. ఊరంతటికీ నోటికి వచ్చేసింది. అది నిజం. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే ఇమాంబీ తన వాకిలి ఊడ్చుకుంది. గీత గీసినట్టు మా వైపు ఎండుటాకులు అలాగే ఉన్నాయి. మా అత్తగారు అవి చూసి, “ఈ ఇంట్లో ఆ ముసలామె ఒక్కతే ఇంతకాలం పనిచేసింది, ఆమెనూ మానిపించావు,” అంది.

ఐదో ఆదివారం పిచ్చయ్య పలక ముందు నిలబడ్డాడు. చెల్లెలు పోయిన నాటి నుంచి ఆయన నన్ను బావ అని పిలవడం మానేశాడు.

ఆమె పోయిన రోజు సంగతి ఇక్కడ రెండు మాటల్లో చెప్పాలి. ఆషాఢంలో కుండపోత వానలో ప్రమీలకు కడుపులో నొప్పి వచ్చింది. వాగు పొంగి బస్సు రాలేదు. ఆజం జట్కాకు నలువైపులా వాన పట్టా దించి మమ్మల్ని ఇల్లందు దవాఖానాకు బయలుదేరదీశాడు. దారిలోనే పోయింది. తనకు కబురు పెడితే జీపు వచ్చేదని పిచ్చయ్య వాదన. జీపు ఆ రోజు ఖమ్మంలో ఉంది. ఆ మాట ఆయనకూ తెలుసు, అయినా వాదన మారలేదు.

“లెక్చరర్ గారూ,” అన్నాడు పలక మీద నూరీ పేరు వేలితో తట్టి, పదిమందీ వినేట్టు. “మీ చేతి అంకెనే ఇది. నేను రాయలే. ఈ గుర్రం నడువదని మీరే తేల్చిన్రు. నడిచే గుర్రమైతే ఆ రోజు మా చెల్లె బతికేది.”

ఆజం గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు. పిచ్చయ్య అతని వైపు తిరిగి, అసంటి గుర్రాన్ని గానుగకు కట్టుకోమని, మనుషుల్ని ఎక్కించొద్దని అన్నాడు. ఆజం మొహం నల్లబడిపోయింది. మృగశిర కార్తెకు ముందు ఆఖరి ఆదివారానికి ఇంకా రెండు వారాలుంది. ఆ రోజు తుఫాన్‌కూ నూరీకీ పందెం అన్నాడు. పైసలు కాదు. గుర్రానికి గుర్రం.

“గుర్రానికి గుర్రం,” అన్నాడు పిచ్చయ్య వెంటనే. “ఓడినంక ఏడువద్దు.”

ఎనభై ఎనిమిదికీ ఎనభైకీ పందెం. అక్కడున్న ప్రతివాడికీ ఫలితం తెలుసు. నూరీ పోతే ఆజంకు బతుకు లేదు. కొట్టం ఖాళీ చేసి, ఏ బొగ్గు గని దగ్గరో కూలికి పోవాలి. ఆ సంగతి కూడా అందరికీ తెలుసు. ఇద్దరి మధ్యా పెట్టిన కత్తి నాది.

ఆజం నాతో మాట్లాడటం మానేశాడు. నేను నా కాగితాలు ముందేసుకొని తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. నూరీ పోయి రావడం మొత్తం ఒక్క ముక్కగా చూస్తున్నాను గదా, రెండు ముక్కలు చేస్తేనో అనిపించింది. మరుసటి ఆదివారం మామూలు పందేలప్పుడు నా చేతి గడియారం సాబిర్‌కు ఇచ్చి కిలోమీటరు రాయి దగ్గర నిలబెట్టాను. సాబిర్ ఎవరి పక్షమూ కాడు. సైకిల్ పంక్చర్ వేసినట్టే, ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తాడు. ఏ బండి ఎప్పుడు తిరిగిందో రాసుకొచ్చాడు. అన్ని గుర్రాలకూ పోయేదీ వచ్చేదీ ఇంచుమించు సమానం. నూరీకి మాత్రం పోయేటప్పుడు తొమ్మిది సెకండ్లు ఎక్కువ పట్టింది. వచ్చేటప్పుడు అది తుఫాన్‌తో సమానంగా వచ్చింది.

ఇల్లందు వైపు పోయే దారిలోనే ఏదో ఉంది. మంగళవారం పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లాను. మలుపు దాటాక సగం దూరంలో చిన్న కల్వర్టు ఉంది. దాని పక్కన ఇప్పచెట్టు నీడలో కూర్చున్నాను. గంట తర్వాత ఆజం ఖాళీ బండి వచ్చింది. కల్వర్టు ఇంకా ఇరవై గజాలుందనగా నూరీ దానంతటదే పరుగు తగ్గించి నడకలోకి దిగింది. ఆజం కళ్లెం ముట్టుకోలేదు. కల్వర్టు మీద బండి నిలిచింది. అతను తలగుడ్డ సర్దుకొని, రెండు అరచేతులూ మొహం ముందు పట్టుకొని పెదవులు కదిపాడు. దిగి, సంచిలోంచి గుప్పెడు శనగలు తీసి గుర్రం నోటికి అందించాడు. అప్పుడు నన్ను చూశాడు.

ఏమిటిదని అడగబోయాను.

“మీకు యాది లేదా సార్?” అన్నాడు. “ప్రమీలమ్మ ఈడనే పోయింది.”

నాకు యాది లేదు. ఆ రోజు పట్టా దించి ఉంది. బయట వాన తప్ప ఏమీ తెలియలేదు. నేను ప్రమీల మొహం తప్ప ఏమీ చూడలేదు. ఎక్కడ పోయిందని ఎవరడిగినా ఇల్లందు దగ్గరికి వచ్చేశాం అని చెబుతూ వచ్చాను పది నెలలు. అంతదూరం తీసుకురాగలిగానని నమ్మడం సులువు కాబట్టి కాబోలు. నిజానికి ఊరు దాటి మైలు కూడా కాలేదు. అంత కొద్దిసేపట్లో ఏ గుర్రమైనా, ఏ జీపైనా దవాఖానా అందుకునేది కాదు.

పది నెలలుగా ఇల్లందు వైపు పోయిన ప్రతిసారీ అతను అక్కడ ఆగి, పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన, ఫాతెహా చదువుకుంటున్నాడు. గుర్రానికి శనగలు అలవాటయ్యాయి. ఇప్పుడు అతను ఆపకపోయినా అది ఆగుతుంది. పందెం రోజుల్లో నాలుక చప్పరించి, బతిమాలి, కదిలిస్తాడు. ఆ బతిమాలడమే తొమ్మిది సెకండ్లు.

మొన్న అందరి ముందూ ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే గుర్రం అడ్డం తిరిగిందని నవ్వుతారన్నాడు. ఆదివారం ఒక్కరోజు ఆగకుండా తోలలేవా అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

“కొడితె ఆగదు,” అన్నాడు ఆజం. “నేను కొట్టను.” బండెక్కి కళ్లేలు చేతిలోకి తీసుకున్నాడు. “మార్కులేసిన్రు గద సార్. దీనికి ఎన్నేస్తరు?”

జవాబు కోసం ఆగలేదు.

శుక్రవారం నేను పిచ్చయ్య కొట్టుకు వెళ్లాను. మిర్చి ఘాటుకు కళ్లు మండుతున్నాయి. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను: మీ చెల్లెలు ఫలానా కల్వర్టు మీద పోయింది, ఆ గుర్రం అక్కడ ఆగుతుంది, అందుకే ఎనిమిది మార్కులు తక్కువ, అది చేతకాని గుర్రం కాదు, పందెం మానుకోండి. ఆయన తూకం వేయించడం ఆపకుండా విన్నాడు. బస్తా మీద బస్తా ఎక్కుతూనే ఉంది. నేను ముగించాక కాసేపటికి నా వైపు తిరిగాడు.

“అయిపోయిందా? గుర్రం పోతదని ఇప్పుడు మా చెల్లె పేరు తెచ్చిన్రా? బతికున్నప్పుడు గీ తెలివి ఎటు పోయింది లెక్చరర్ గారూ?”

ప్రమాణం చేసి చెబుతున్నానన్నాను. ప్రమాణాలు కోర్టులో చెయ్యమన్నాడు. వెనక నిలబడ్డ పూల్‌సింగ్‌ను పిలిచి, ఆదివారం దాకా తుఫాన్‌కు ఉలవలు ఇంకో సేరు పెంచమని నా ముందే చెప్పాడు. హమాలీ ఒకతను నేను బయటికొస్తుంటే దారికడ్డంగా ఉన్న బస్తా పక్కకు జరిపాడు. ఆ కొట్టులో నాకు దొరికిన మర్యాద అది.

ఆదివారం నాడు స్టేషన్ మొత్తం సాబిర్ షాపు ముందు రోడ్డు మీదే ఉంది. కారేపల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా జనం వచ్చారు. మార్కులు నమ్మినవాళ్లంతా తుఫాన్ మీద కట్టారు, అంటే దాదాపు అందరూ. సుళ్లవాళ్లు నలుగురైదుగురు పంతానికి నూరీ మీద కట్టారు. నేల పొడిగా ఉంది, గాలి లేదు. ముందు పరిగెత్తిన నాలుగు గుర్రాలూ తమ తమ మామూలు టైములకే వచ్చాయి. అంటే రోడ్డుకు ఇవ్వాల్సిందీ తీసుకోవాల్సిందీ ఏమీ లేదు. ఆ రోజు గడియారం ఎంత చూపిస్తే గుర్రం అంత.

నూరీ బయలుదేరింది. ఆజం చేతిలో కొరడా లేదు. మలుపు తిరిగి మాయమైంది. నేను వాచీ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. తిరిగి వచ్చింది: ఎనిమిది నిమిషాల ఇరవై సెకండ్లు. మామూలుగా ఎప్పుడూ వచ్చే టైమే. పైకి చెప్పాను. గుంపులో నవ్వులు. ఒకడు ఆజంను ఇప్పుడే జీను విప్పి ఇచ్చెయ్యమన్నాడు. ఇమాంబీ రోడ్డు పక్కన గొంతుకూర్చొని ఉంది, తల ఎత్తలేదు.

తుఫాన్ బయలుదేరే ముందు పిచ్చయ్య పూల్‌సింగ్ దగ్గరికి వెళ్లి బండి చక్రం పట్టుకొని ఏదో చెప్పాడు. పూల్‌సింగ్ ఆయన మొహంలోకి చూసి, మళ్లీ అడిగాడు. పిచ్చయ్య మళ్లీ చెప్పి దూరం జరిగాడు. గుర్రం ఈటెలా పోయింది.

ఏడు నిమిషాల ఎనిమిది సెకండ్లకు, తుఫాన్ ఎప్పుడూ మలుపు తిరిగి కనిపించే వేళకు, అందరూ మలుపు వైపు అరవడం మొదలుపెట్టారు. మలుపు ఖాళీగా ఉంది. పదిహేను సెకండ్లు. పదిహేడు. అప్పుడు గాని మలుపులో డెక్కల చప్పుడు వినిపించలేదు. తుఫాన్ గీత దాటేసరికి వాచీ నొక్కాను. ఎనిమిది నిమిషాల ఇరవై ఒక్క సెకండ్లు.

నేను చెప్పిన అంకె ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. ఒక్క సెకండు తేడాతో నూరీ గెలిచింది. ఆజం అరవలేదు, గుర్రం మెడ మీద మొహం పెట్టుకున్నాడు. ఇమాంబీ రోడ్డు మీద కూర్చున్నచోటే నేలకు నుదురు ఆనించింది. ఆ ఇద్దరినీ చూసింది నేనొక్కణ్ణే అనుకుంటాను. మిగతావాళ్లు అప్పటికే నా మీదికి వస్తున్నారు.

ఆ లోపల, ఆ రోజూ రాయి దగ్గర గడియారంతో నిలబడ్డ సాబిర్ సైకిల్ తొక్కుకుంటూ వచ్చి తన చీటీ నా చేతిలో పెట్టాడు. అదొక్కసారి చూశాను. తుఫాన్ వచ్చేటప్పుడు ఎప్పటి టైముకే వచ్చింది, సెకండు కూడా తగ్గలేదు, అలసట లేదు. పోయేటప్పుడు తొమ్మిది సెకండ్లు ఎక్కువ. నూరీకి ఎంతో, అంతే. సాబిర్‌కు ఆ అంకెలు అంకెలే. ఆ తొమ్మిది ఎక్కడ పోయాయో తెలిసినవాళ్లు ఆ రోడ్డు మీద ముగ్గురం: నేను, పూల్‌సింగ్, పిచ్చయ్య.

“మార్కులు నమ్మి కట్టినం. గిదేంది?” అని ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. వాచీ తిప్పాడని ఇంకొకడు అన్నాడు. కిరాయిదారు కోసం గుర్రాన్ని గెలిపించాడని మరొకడు. కళ్లజోడు కింద పడింది. లెక్కల పుస్తకం ఎవరో లాక్కొని చింపారు. కాగితాలు కాళ్ల కింద పడి నలిగాయి. చీటీ మాత్రం నా పిడికిలిలో ఉంది. దాన్ని తెరిచి చూపిస్తే చాలు. వాచీ తప్పు లేదు, లెక్క తప్పు లేదు, గుర్రం దారిలో ఆగింది అని తేలిపోతుంది. నా మీద చెయ్యి తీసి అందరూ పూల్‌సింగ్ మీద పడతారు. జీతగాడు ముందు దెబ్బలు తింటాడు. తర్వాత ఎవరు ఆపమన్నారో చెబుతాడు.

చీటీ జేబులో పెట్టుకున్నాను.

“లెక్క నాదే తప్పింది,” అన్నాను. “తుఫాన్‌కు మొదటి నుంచీ ఎక్కువ వేశాను.”

ముందు నవ్వింది పిచ్చయ్య. “కాలేజీల లెక్కలు చెప్తడంట ఈయన,” అన్నాడు గొంతు పెంచి. “మీ పిలగాండ్లను పంపుతున్నరు గద, జర సోంచాయించుకోండ్రి.” జనం నవ్వారు. నవ్వుతో కోపం కొంత దిగింది, చొక్కా మీది చెయ్యి వదులైంది. నేను ఆయన కళ్లలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకోలేదు, మెత్తబడనూ లేదు. తుఫాన్ కళ్లెం పూల్‌సింగ్ చేతిలోంచి గుంజి ఆజం వైపు విసిరి, జీపెక్కి పోయాడు.

ఆజం రెండు గుర్రాలనూ నడిపించుకుంటూ నా పక్కనే పోయాడు. “మీ మార్కులు అబద్ధమైనయి సార్. దేవుడున్నడు,” అన్నాడు. కక్షగానే అన్నాడు. అనే హక్కు అతనికి ఉంది. ఎవరో నా కళ్లజోడు తుడిచి చేతికిచ్చారు. పెట్టుకొని చూసేసరికి ఎవరిచ్చారో తెలియలేదు.

ఆ తర్వాత పందేలకు నన్ను పిలవలేదు. పిచ్చయ్య బతికినన్నాళ్లూ మా గుమ్మం తొక్కలేదు, రోడ్డు మీద ఎదురైతే పక్కకు ఉమ్మేవాడు. తల్లిని పంపించమని కబురు మీద కబురు పెట్టాడు. ఆవిడ వెళ్లలేదు, చివరిదాకా నా దగ్గరే ఉంది. ఎందుకుందో నాకు తెలుసనే అనుకుంటాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి ఆవిడ వసారాలో చింతపండు గింజ తీస్తోంది. వార్త నాకంటే ముందే వచ్చేసింది. చిరిగిన చొక్కా చూసి, గింజల చేటలోకి చూసుకుంటూ మొదలుపెట్టింది. లెక్కలు రాకపోతే పిల్లలకేం చెబుతున్నావు, జీతం ఎలా తీసుకుంటున్నావు, నా కొడుకు గుర్రాన్ని నీ తప్పుడు లెక్కతో పోగొట్టావు, ముందు చెల్లెలు, ఇప్పుడు గుర్రం, ఇంకా వాడి దగ్గర ఏం మిగిల్చావు.

ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ పోయిందీ ఆవిడ బిడ్డే, ఆగిందీ ఆవిడ బిడ్డే. ఎదురుగా పీట వాల్చుకొని కూర్చొని చెప్పాను. కల్వర్టు సంగతి చెప్పాను. ఆజం చదివే ఫాతెహా, నూరీ శనగలు చెప్పాను. శుక్రవారం నాడు మీ అబ్బాయికి ఇదంతా చెప్పానని, ఆయన నన్ను తిట్టి పంపాడని చెప్పాను. ఈరోజు ఆయన గుర్రం కూడా అక్కడ ఆగిందని, అది నాకు ఎవరూ చెప్పలేదని, తొమ్మిది సెకండ్ల లెక్క చెప్పిందని అన్నాను.

ఆవిడ చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. పెరట్లో రెండు గుర్రాలు ఒకదాన్నొకటి ఎరగక సకిలిస్తున్నాయి. ఇమాంబీ ఏదో అంటూ కొత్తదాన్ని ఊరుకోబెడుతోంది.

“తొమ్మిది సెకండ్లంటే ఎంతసేపయ్యా?” అంది చివరికి.

ఆవిడకు గడియారం చూడటం రాదు. ఒకటి నుంచి లెక్కపెట్టాను. ఆవిడ నా పెదాల వంక చూస్తూ కూర్చుంది. తొమ్మిది దగ్గర ఆగాను.

“అంతేనా?”

“అంతే అత్తయ్యా.”

“వాడికి పుట్టినప్పటి నుంచీ అన్నిట్లోనూ తొందరే,” అంది. చేట పక్కకు పెట్టి, చేతులు చీరకు తుడుచుకొని, గోడకు ఆనుకుంది. “మళ్లీ లెక్కపెట్టు. ఈసారి నెమ్మదిగా పెట్టు.”